‘ఇది ఎంతండీ?’

2016 డిసెంబరులో బంజారాహిల్స్‌లో ఏడెనిమిది మందిమి కలిసి పెట్టుకున్న ఒక చిన్న ప్రదర్శనలో నావి నాలుగు నలుపు తెలుపు ప్రింట్లు గోడకెక్కాయి. వాటిలో ఒకదాని ముందు చాలాసేపు నిలబడిన ఒక పెద్దావిడ, ఫొటో తీసిందీ ప్రింటు వేసిందీ నేనేనని తెలుసుకుని, "ఇది ఎంతండీ?" అని అడిగారు. అమ్ముడుపోతుందన్న ఆశ లేనివాణ్ణి గనుక ధర సంగతి అంతవరకూ ఆలోచించనేలేదు. "పదిహేను వందలండీ" అన్నాను, నోటికి ఏ అంకె వస్తే అది. "పదిహేను వందలేనా?" అని ఆవిడ నా ముఖంలోకి ఒకసారి చూసి, సంచీలోంచి కొత్త రెండు వేల నోటు తీశారు. పెద్ద నోట్లు రద్దయిన కొత్తల్లో సంగతి ఇది. ఆ హాలంతా వెతికినా ఐదు వందల చిల్లర పుట్టలేదు. మిగతాది కూడా ఉంచుకొమ్మని ఆవిడ అన్నప్పటికీ, మొహమాటం కొద్దీ చిరునామా రాయించుకుని, మర్నాడు మారేడుపల్లి దాకా స్కూటరు మీద వెళ్ళి ఐదు వంద నోట్లు ఇచ్చి వచ్చాను.

తిరిగి వచ్చిన సాయంత్రమే మొదటిసారి కాగితం మీద లెక్క వేశాను. పటం కట్టించిన ఖర్చుతో కలిపి ఆ ప్రింటు మీద నా జేబులోంచి పోయింది రెండు వేల వంద రూపాయలు. అంటే ఆరు వందలు ఎదురిచ్చి అమ్మానన్నమాట. ఆ ఐదు వందలు ఉంచుకుని ఉన్నా ఇంకా వంద నష్టమే. డబ్బు పోయినందుకు కాదు గానీ, ఆవిడ అన్న ఆ "పదిహేను వందలేనా" మాత్రం చాలా రోజులు చెవిలో మోగింది. అందులో ఆశ్చర్యం కన్నా అనుమానం ఎక్కువ వినిపించింది నాకు: ఇంత తక్కువా, అయితే ఇది నిజంగా చేత్తో చేసిందేనా అన్నట్టు.

మా చిక్కడపల్లి ఇంటి డాబా మీద, ఒకప్పుడు సామాన్లు పడేసే గదికి నల్ల గుడ్డలు కట్టి డార్క్‌రూమ్ చేసుకున్నాను. అక్కడ ఒక ప్రింటు ఎలా తయారవుతుందో చెప్పకుండా ధర గురించి మాట్లాడితే, అది ఎవరికీ అర్థం కాదు. నెగటివ్‌ను, దాని బొమ్మను పెద్దది చేసి కాగితం మీద వెలుగుగా పడేసే ఎన్‌లార్జర్‌లో పెట్టి, కాగితాన్ని సన్నటి పట్టీలుగా కోసి, ఒక్కో పట్టీ మీద రెండేసి సెకన్లు పెంచుతూ వెలుగు పడనిస్తే, ఏ కాలం సరిపోతుందో స్థూలంగా తెలుస్తుంది. ఆ తరువాత పూర్తి కాగితం. ఆకాశం తెల్లగా వెలవెలపోతే, మిగతా భాగానికి చెయ్యి అడ్డుపెట్టి ఆకాశానికి మాత్రం ఇంకో పది సెకన్లు ఇవ్వాలి. నీడలో ఉన్న మనిషి ముఖం నల్లబడిపోతే, తీగకు అతికించిన చిన్న అట్టముక్కను ఆ ముఖం మీద ఆడిస్తూ మూడు సెకన్లు వెలుగు తప్పించాలి. ఆడించడం ఆపితే అట్టముక్క అంచు గీతలా పడుతుంది. ఇదంతా చేసి, తడిగా ఉన్నప్పుడు చూసి మురిసిపోయిన ప్రింటు, తెల్లవారి ఆరేసరికి ఒక వన్నె నల్లబడి ఉంటుంది. ప్లాస్టిక్ పూత లేని ఫైబర్ కాగితానికి ఇది స్వభావం. ఆ తేడాను ముందే అంచనా వేసి, తడిలో కొంచెం లేతగా కనబడేలా వెలుగు తగ్గించడం నాకు అలవాటు కావడానికి రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళలో చెత్తబుట్ట పాలైన కాగితం ఎవరి లెక్కలో రాసుకోవాలో ఇప్పటికీ తెలియదు.

ఇక మన ఊరి ఎండ సంగతి. కాగితం మీద బొమ్మను పైకి తెచ్చే రసాయనం, డెవలపర్, 20 డిగ్రీల వద్ద ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో మా డాబా మీది ట్యాంకులోంచి వచ్చే నీళ్ళలో చెయ్యి పెట్టలేం. అందుకని నీళ్ళ సీసాలు ఫ్రీజర్‌లో గడ్డకట్టించి, ట్రే కింద ఉన్న పెద్ద తొట్టిలో వేసి, పది నిమిషాలకోసారి థర్మామీటర్ చూసుకుంటూ పని చేస్తాను. ఆ రోజుల్లో మా ఫ్రిజ్‌లో పెరుగు గిన్నెకు చోటుండదని మా ఆవిడ ఫిర్యాదు. ఆపైన కడగడం. ప్లాస్టిక్ పూత ఉన్న ఆర్‌సీ కాగితాన్ని రెండు నిమిషాలు పారే నీళ్ళలో కడిగితే చాలు. ఫైబర్ కాగితం, బొమ్మను స్థిరపరిచే రసాయనమైన హైపోను పీల్చుకుంటుంది గనుక మామూలుగా అయితే గంటసేపు కడగాలి. మధ్యలో సోడియం సల్ఫైట్ ద్రావణంలో పది నిమిషాలు ఉంచితే ఆ గంట బాగా తగ్గుతుంది. ట్యాంకర్ కోసం ఎదురుచూసే వేసవిలో అపార్టుమెంటు వాళ్ళ కళ్ళెదుట గంటసేపు నీళ్ళు వదలడం ఎంత అపరాధమో హైదరాబాదులో కాపురమున్నవాళ్ళకు చెప్పనక్కర్లేదు. మే నెలలో ఫైబర్ ప్రింట్ల ఆర్డర్లు తీసుకోవడం మానేశాను.

కాగితం మనది కాదు. ఊటీలో 1960లో మొదలైన ప్రభుత్వరంగ సంస్థ హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ ‘ఇందు’ పేరుతో ఫిల్మూ కాగితమూ తయారుచేసేది. మా తరం స్కూలు గ్రూపు ఫొటోలలో ఎన్నో దాని మీద వేసినవే. అది మూతబడింది. కోడాక్ 2005లో నలుపు తెలుపు కాగితం తయారీ మానుకుంది. ఇప్పుడు నా చేతికి వచ్చేది ఇంగ్లండు నుంచి ఇల్‌ఫర్డ్, లేదంటే చెక్ దేశం నుంచి ఫోమా. రూపాయి పడిపోయినా, కాగితం పూతలో ఉండే వెండి ధర పెరిగినా, కస్టమ్స్ సుంకం మారినా, ఆ భారమంతా డబ్బా మీద పడుతుంది. నా ఖాతా పుస్తకం ప్రకారం 11×14 అంగుళాల ఫైబర్ కాగితం ఒక్కోటి ఈ మధ్య దాదాపు 400 రూపాయలు పడుతోంది.

ఇప్పుడు లెక్క. ఒక కొత్త నెగటివ్ మీద కూర్చుంటే తొమ్మిది కాగితాలు ఖర్చయి మూడు మంచి ప్రింట్లు వస్తాయి; కొన్ని రాత్రులు ఒక్కటీ రాదు, అది వేరే కథ. తొమ్మిదింటికి 3,600, అంటే ప్రింటుకు 1,200. రసాయనాలకు 200. ఆమ్లం లేని మౌంటు అట్ట, వెనక అట్ట, మూలలు పట్టే కాగితపు జేబులు, అన్నీ కలిపి 500. సామగ్రి అంతవరకు 1,900. సమయం చూస్తే, చీకటి గదిలో ఐదు గంటలు, మర్నాడు ఆరబెట్టి చదును చేయడం, ప్రింటు మీద దుమ్ము వల్ల పడ్డ తెల్ల చుక్కలను సన్నటి కుంచెతో ఒక్కొక్కటిగా పూడ్చడం, మొత్తం తొమ్మిది గంటలు, ప్రింటుకు మూడు. గంటకు ఎంత? ఈ ప్రశ్న దగ్గర చాలాకాలం ఆగిపోయాను. చివరకు ఇంటికి వచ్చి పని చేసే కరెంటు మేస్త్రీకి నేను ఎంత ఇస్తానో అంతే నాకూ వేసుకున్నాను: గంటకు 400. అంటే 1,200. ఫిల్ము, పనికిరాకుండా పోయిన నెగటివ్‌లు, ఎన్‌లార్జర్ బల్బు వంటివాటికి 500. అంతా కలిపి 3,600.

గ్యాలరీ వాళ్ళ వాటా ఇందులో ఇంకా రాలేదు. నా ప్రింట్లు పెట్టిన చోట అమ్మకం మీద నూటికి 40 తీసుకున్నారు. మొదట్లో అది అన్యాయమనిపించింది. గోడ అద్దె, దీపాలు, ఆహ్వానాలు, ముఖ్యంగా నాకు పరిచయం లేని మనుషులను నా బొమ్మ ముందుకు తీసుకురావడం, వీటన్నిటికీ అది ఎక్కువేమీ కాదని తరువాత ఒప్పుకున్నాను. నూటికి 40 పోగా నా చేతికి 3,600 రావాలంటే గోడ మీద ధర 6,000 ఉండాలి. పటం ఖర్చు వేరు.

ఇంటికి వచ్చి కొనేవాళ్ళకు కమీషన్ ఉండదు కదా, 3,600కే ఇవ్వొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. ఇవ్వను. గ్యాలరీలో ఆరు వేలు పెట్టి కొన్నాయన, అదే ప్రింటు నెల తరువాత మరొకరి ఇంట్లో చూసి ఎంతకు కొన్నారని అడిగితే నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలి? గ్యాలరీ వాళ్ళు మరోసారి గడప తొక్కనివ్వరు, అదీ న్యాయమే. ఇంట్లో అమ్మినప్పుడు మిగిలే ఆ 2,400, తలుపు తీసి, టీ ఇచ్చి, పెట్టెలోని ప్రింట్లన్నీ కిటికీ వెలుగులో ఒక్కొక్కటిగా చూపించినందుకు నాకు దక్కే కమీషన్ అనుకుంటాను.

ఇంతా చేస్తే ఈ లెక్క చెప్పేది ఎంతకు తగ్గితే అమ్మకూడదో మాత్రమే. ఎంతకు అమ్మాలో అది చెప్పదు. తొమ్మిది కాగితాలు పాడుచేశానని ఎవరూ కొనరు. నాలుగు కాగితాలతో పని ముగించగల చెయ్యి తిరిగినవాడి ప్రింటు నాదాని కన్నా చవక కావాలా? కాదు కదా. కొనేవారు కొనేది గోడ మీద ఇరవై ఏళ్ళు చూసుకోదగిన ఒక వస్తువును. అందుకే ధర నెగటివ్‌కు కాదు, ప్రింటుకు చెబుతాను. ఒకే నెగటివ్ నుంచి నేను 2013లో వేసిన ప్రింటూ, 2021లో వేసిన ప్రింటూ పక్కపక్కన పెడితే ఒకటి కావు. మొదటిదానిలో నీడలు గట్టిగా ఉంటాయి, రెండోదానిలో వాటి లోపల ఏముందో కనబడుతుంది. ఫొటో తీసిన కాలంలోనే వేసిన ప్రింటుకు వేలంపాటల్లో ఎక్కువ పలకడం చూసి మొదట నవ్వుకున్నాను గానీ, నా చేతి మార్పు నాకే కనబడ్డాక అది అర్థంలేనిది కాదనిపించింది.

ఎన్ని ప్రింట్లు వేయాలన్నది మరో చిక్కు. నెగటివ్ ఉన్నంతకాలం ఎన్నైనా వేయొచ్చు గనుక, పదిహేనే వేస్తానని మాట ఇవ్వడం కృత్రిమమే. అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ 1941లో న్యూమెక్సికోలో తీసిన చంద్రోదయం ఫొటోను దశాబ్దాల పాటు మళ్ళీ మళ్ళీ వేస్తూనే పోయారు. అయినా దాని ప్రింట్లలో ఒకటి 2006లో వేలంలో ఆరు లక్షల డాలర్లు దాటింది. దీనికి సరిగ్గా ఎదురు కొసన మరో అమెరికన్ ఫొటోగ్రాఫర్ బ్రెట్ వెస్టన్ ఉన్నారు: తన ప్రింట్లను తాను తప్ప మరెవరూ వేయరాదని 1991లో తన 80వ పుట్టినరోజున నెగటివ్‌లు తగలబెట్టారు. నాకు అంత గుండె లేదు. ఒక్కో ఫొటోకు పదిహేను ప్రింట్లని పెట్టుకుని, మొదటి ఐదు 6,000కు, తరువాతి ఐదు 8,000కు, చివరి ఐదు 11,000కు ఇస్తున్నాను. ముందుగా నమ్మి కొన్నవారికి తక్కువ ధర దక్కుతుంది. నా వరకు చివరి ఐదు వేసేసరికి నడుము నొప్పి కూడా ఎక్కువే. ప్రతి ప్రింటు వెనక మెత్తటి పెన్సిలుతో నెగటివ్ సంఖ్య, ఎన్నో ప్రింటు, కాగితం పేరు, వేసిన తేదీ, వెండి పూత కాగితం మీద డార్క్‌రూమ్‌లో వేసినదని తెలిపే "జెలటిన్ సిల్వర్ ప్రింటు" అన్న మాట రాస్తాను. ఇంక్‌జెట్ ప్రింటు తక్కువదని దీని అర్థం కాదు, మంచి కాగితం మీద మంచి రంగుతో వేసినవి చాలాకాలం నిలుస్తాయి. ఏది ఏదో కొనేవారికి తెలియాలి, అంతే. నెగటివ్‌లకు సంఖ్య వేసే పద్ధతి ఈ ఊరికి కొత్తదేమీ కాదు. ఆరో నిజాం కొలువు ఫొటోగ్రాఫర్ లాలా దీన్‌దయాళ్ 1880లలో సికింద్రాబాదులో స్టూడియో పెట్టి ఫొటోలు అమ్మేవారు. ఆయన ప్రింట్లలో ఎన్నిటిమీదో కింది అంచున సంఖ్య కనబడుతుంది.

ఈ ధరల నిచ్చెన ఒక్క ఫొటో విషయంలో నన్ను ఇబ్బంది పెట్టింది. 2011లో నానక్‌రామ్‌గూడ వైపు తీసిన గుండ్లు అవి. పెద్ద బండ మీద ఇంకో పెద్ద గుండు, ఏ క్షణాన దొర్లుతుందో అన్నట్టు ఉండేది. 250 కోట్ల సంవత్సరాల వయసున్న రాయి మన కోసం దొర్లుతుందా! దొర్లలేదు గానీ, మూడేళ్ళకు మందు పెట్టి పగలగొట్టి అపార్టుమెంట్లు కట్టారు. ఏడో ప్రింటు కొనడానికి వచ్చిన దంపతులు, ఆ అపార్టుమెంట్లలో ఒకదానిలోనే ఉంటున్నారని మాటల్లో తెలిసింది. "మా బాల్కనీ అవతల ఉండేదట కదండీ" అన్నారాయన. లేనిదైపోయింది గనుక ధర పెంచమని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. మళ్ళీ తీయలేని ఫొటో ఎక్కువ పలకడం న్యాయమే, కానీ గుండు పగిలిపోవడంలో నా కష్టమేముంది? నిచ్చెనలో ఉన్న ఎనిమిది వేలే తీసుకున్నాను.

కొందరికి ప్రింటు అక్కర్లేదు, ఫైలు కావాలి. ఇంటీరియర్ పని చేసే ఒక కుర్రాడు, "సార్, స్కాన్ చేసి హై రెజల్యూషన్‌లో పంపండి, మేం ఆరడుగుల కాన్వాస్ వేయించుకుంటాం, ప్రింటు రేటే ఇస్తాం" అన్నాడు. ప్రింటు కొన్నవారికి ఆ కాగితం మీద హక్కు వస్తుంది, ఫొటో మీద కాదు. కాపీరైటు తీసినవాడి దగ్గరే ఉంటుంది. ఈ మాట ఇప్పుడు రసీదులో రెండు వాక్యాల్లో రాస్తున్నాను. చట్టం గురించి చదువుతున్నప్పుడు ఒక సంగతి కంటపడి మనసు చివుక్కుమంది. 1957 కాపీరైటు చట్టంలోని 53ఎ సెక్షన్ ప్రకారం, పది వేలు దాటిన ధరకు మళ్ళీ అమ్మినప్పుడు చిత్రకారుడికి, శిల్పికి, రాతప్రతి రాసిన రచయితకు అందులో వాటా అడిగే హక్కు ఉంది. ఆ జాబితాలో ఫొటో లేదు.

చుట్టాల సంగతి రాయకపోతే ఈ వ్యాసం పూర్తి కాదు. మా బావమరిది కొత్త ఇంట్లో దిగుతూ, "బావా, ఆ గుండ్ల ఫొటో మా హాల్లోకి ఒకటి వేసివ్వు, ఖర్చెంతో నేనిస్తాలే" అన్నాడు. ఖర్చు అంటే అతని ఉద్దేశంలో కాగితం డబ్బు. సగం ధరకు ఇస్తే అతనికి నేను మేలు చేసినట్టూ ఉండదు, పూర్తి ధరకు కొన్నవారికి మర్యాదా ఉండదు. ఎనిమిదో ప్రింటు గృహప్రవేశం కానుకగా ఒక్క రూపాయి తీసుకోకుండా ఇచ్చాను. అప్పటి నుంచి అదే పద్ధతి: ఇస్తే ఊరికే ఇస్తాను, అమ్మితే నిండు ధరకు అమ్ముతాను. బావమరిది ఆ ప్రింటుకు సుల్తాన్‌బజార్‌లో బంగారు రంగు నగిషీ పటం కట్టించాడు, ఫొటో కన్నా పటం వెడల్పు ఎక్కువ. చూసి ఊరుకున్నాను.

ఆరు వేలు అడగడానికి నాకు నోరు వచ్చింది మాత్రం ఈ లెక్కల వల్ల కాదు, ఒక తప్పు వల్ల. 2017లో నా దగ్గర ఆ గుండ్ల ఫొటో ప్రింటు కొన్న సైనిక్‌పురి డాక్టరుగారు 2019 వానాకాలం తరువాత ఫోన్ చేసి, కింది మూల పసుపుపచ్చగా మారుతోందని ఎంతో సౌమ్యంగా చెప్పారు. వెళ్ళి చూస్తే, అద్దం వెనక, అరచేతంత తేనె రంగు మరక. దాని అంచు వంకర టింకరగా కాక రెండు వైపులా తిన్నటి గీతగా, సరిగ్గా లంబకోణంలో ఉంది. కాసేపటికి గానీ తట్టలేదు: కడిగే ట్రేలో రెండు ప్రింట్లు ఒకదానికొకటి అంటుకుని, పైదాని మూల కప్పిన మేర నీళ్ళు ఆడలేదు, అక్కడ మిగిలిపోయిన హైపో రెండేళ్ళు మెల్లగా తన పని చేసింది. ఆ రాత్రి ఫోన్‌లో మాట్లాడుకుంటూ ప్రింట్లు తిప్పడం మరిచిపోయిన నా నిర్వాకం అది.

డాక్టరుగారికి కొత్తది వేసి ఇచ్చాను. అదే రాత్రి వేసిన మిగతా రెండు ప్రింట్లు కొన్నవారికి, వారు అడగకముందే ఫోన్ చేసి, అవీ తెప్పించుకుని మళ్ళీ వేశాను. ఒక నెల సెలవు దినాలన్నీ దానికే పోయాయి. ఇప్పుడు ప్రతి విడతలో ఒక ప్రింటు తెల్ల అంచు మీద సిల్వర్ నైట్రేట్ చుక్క వేసి చూస్తున్నాను. గోధుమ రంగు తేలితే హైపో ఇంకా ఉందన్నమాట, మళ్ళీ నీళ్ళలోకే. రసీదులో కూడా రాస్తున్నాను, నా పని లోపం వల్ల మరక పడితే ఎన్నేళ్ళకైనా తెచ్చివ్వండి, మార్చి ఇస్తానని. ఆ వాక్యం రాసినప్పటి నుంచి ధర చెప్పేటప్పుడు నా గొంతు తగ్గడం లేదు.

డాక్టరుగారి పాత ప్రింటును చింపలేదు. డార్క్‌రూమ్‌లో నీళ్ళ తొట్టి ఎదురుగా గుండుసూదులతో గోడకు గుచ్చాను. ఇంటికి వచ్చి, ఇంత ధర ఎందుకని అడిగేవారిని ఒక్కోసారి డాబా మీదికి తీసుకెళ్ళి దాన్ని చూపిస్తాను. మరక ఇంకా ముదురుతూనే ఉంది. పోయిన వానాకాలానికి అంచు గీత దాటి గుండు అడుగుభాగం దాకా వచ్చింది.